షేర్ల మీదే బతకొచ్చా సార్? ఈ నెల ఉత్తరాలన్నీ అవే

పోయిన సంచికలో రిటైర్మెంట్ గురించి నాలుగు మాటలు రాసినాం కదా, దాని తర్వాత వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే పాట. ఉద్యోగమో యాపారమో మానేసి, షేర్లు, మ్యూచువల్ ఫండ్ల మీద వచ్చే డబ్బుతో ఇంటిపట్టున కూర్చోవచ్చా అని. మన మూడు జిల్లాల నుంచి వచ్చినవాటిల్లో కొన్ని తీసుకున్నాం, పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయలేదు. మొదటిదానికి జవాబు పొడుగైంది, మిగతావాళ్లలో చాలామంది అడిగింది కూడా అందులోనే ఉంది కాబట్టి ఓపికగా చదవండి.

ప్రశ్న: సార్, నా వయసు 44. బెంగుళూరులో ప్రైవేటు కంపెనీలో 20 ఏండ్లుగా చేస్తా ఉన్నాను. సొంతూరు అనంతపురం, నాయన కట్టిన ఇల్లు ఉంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 1 కోటి 45 లక్షలు, పీఎఫ్ 32 లక్షలు, ఎఫ్డీ 10 లక్షలు. అప్పుల్లేవు. పాప తొమ్మిదో తరగతి, బాబు అయిదు. ఈ ట్రాఫిక్కుకు, ఈ మేనేజర్లకు ఒక దండం పెట్టి ఊరికి వచ్చేయాలని ఉంది. ఊర్లో అయితే నెలకు 55 వేలల్లో గడిచిపోతుందని మా ఇంటామె లెక్క వేసింది. ఉన్న ఫండ్లన్నీ అమ్మి మంచి డివిడెండ్ ఇచ్చే షేర్లు కొంటే నెలకు 60 వేలు వస్తాయని ఒక వీడియోలో చూసినాను. అసలు ముట్టుకోకుండా డివిడెండ్ మాత్రమే తింటే చాలు కదా, ఇందులో తప్పేముంది?
- ఓ ప్రైవేటు ఉద్యోగి, అనంతపురం

జవాబు: తమ్ముడూ, వీడియోలో చెప్పిన లెక్క అబద్ధం కాదు, అయిదు శాతం డివిడెండ్ (కంపెనీ తన లాభంలో నుంచి షేర్లున్నవాళ్లకు పంచే డబ్బు) ఇచ్చే షేర్లలో 1 కోటి 45 లక్షలు పెడితే ఏడాదికి 7 లక్షల 25 వేలు, అంటే నెలకు 60 వేల పైచిలుకే. కానీ ఆ అయిదు శాతం ఎవరిస్తారు అనేది చూడాలి. నిఫ్టీలో ఉండే 50 కంపెనీలూ కలిపి చూస్తే డివిడెండ్ ఒకటింపావు, ఒకటిన్నర శాతం దగ్గరే తిరుగుతా ఉంటుంది. ఆ లెక్కన మీ డబ్బుకు నెలకు పదహైదు నుంచి పద్దెనిమిది వేలు వస్తాయి అంతే. అయిదు శాతం కావాలంటే కోల్ ఇండియా, ఓఎన్‌జీసీ, పవర్‌గ్రిడ్ లాంటి నాలుగైదు ప్రభుత్వ కంపెనీల్లోనే మొత్తం కుప్ప పోయాల, అంటే ఇద్దరు పిల్లల చదువు, ఇంటి ఖర్చు అన్నీ బొగ్గు ధర మీద, కరెంటు మీద, ఢిల్లీలో తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడతాయి.

కోల్ ఇండియానే తీసుకోండి. 2010లో 245 రూపాయలకు ఐపీవో (మొదటిసారి షేర్లను జనానికి అమ్మడం) వచ్చింది, జనం ఎగబడి కొన్నారు, పదేండ్ల తర్వాత 2020లో అదే షేరు 120 చుట్టుపక్కల ఉన్నింది. మధ్యలో డివిడెండ్లు దండిగానే ఇచ్చింది, ఆ తర్వాత ధర కూడా పైకి లేచింది, కాదనను. కానీ ఆ పదేండ్లు దాని మీదే బతికే మనిషికి తన అసలు సగమైపోవడం రోజూ కనపడతా ఉంటే రాత్రి నిద్ర పట్టేదా? అసలు ముట్టుకోను అని మీరు అనుకున్నా, అసలు తనంతట తానే కరిగే అవకాశం ఉంది, అది వీడియోలో చెప్పరు.

ఇంకోటి, డివిడెండ్ అనేది వడ్డీ లాగా మాట ఇచ్చి కట్టేది కాదు. బోర్డు ఇస్తానంటే ఇస్తుంది, లేదంటే లేదు. 2020 ఏప్రిల్లో కరోనా టైంలో రిజర్వు బ్యాంకు ఒక ఆర్డరు వేసింది, బ్యాంకులేవీ 2019-20 లాభాల మీద ఇక డివిడెండ్ ఇవ్వకూడదని. బాగా నడిచే బ్యాంకులు, డబ్బు దండిగా ఉన్న బ్యాంకులు కూడా ఆ లాభాల మీద ఆ తర్వాత రూపాయి ఇవ్వలేదు. బ్యాంకు షేర్ల డివిడెండ్ మీద ఇల్లు నడిపేవాళ్లకు ఎట్లుండి ఉంటుందో ఆలోచించండి. పైగా ఇవి నెల నెలా రావు, చాలా కంపెనీలవి జులై నుంచి సెప్టెంబరు లోపల ఒక్కసారిగా పడతాయి, మధ్యంతర డివిడెండ్లు అప్పుడొకటి ఇప్పుడొకటి. ఏప్రిల్, మే నెలల్లో స్కూలు ఫీజుల టైంకు మాత్రం అకౌంట్ ఖాళీ.

ఇక అన్నిటికంటే ముందు దెబ్బ, ఉన్న ఫండ్లన్నీ అమ్మేస్తాననడం. మీ 1 కోటి 45 లక్షల్లో లాభం 70 లక్షలు అనుకుందాం, ఏడాదికి 1 లక్షా 25 వేల దాకా మినహాయింపు, మిగతా దాని మీద 12.5 శాతం, ఆ పైన ఆదాయం 50 లక్షలు దాటుతుంది కాబట్టి సర్‌చార్జీ, సెస్సు, అన్నీ కలిపితే దగ్గర దగ్గర పది లక్షలు. ఊరికి రాకముందే ఏడాదిన్నర ఇంటి ఖర్చు టాక్సు కింద కట్టేసినట్టు. ఎందుకు సామీ? అదే ఫండ్లను అట్లే పెట్టుకుని, అవసరమైనంత మేరకు నెల నెలా కొన్ని యూనిట్లు అమ్ముకునే ఏర్పాటు ఉంది, ఎస్‌డబ్ల్యూపీ అంటారు. ఏడాదికి 6 లక్షలు తీసుకున్నారనుకోండి, అందులో సగం మీ అసలు, సగం లాభం అయితే 3 లక్షల మీదే లెక్క, 1 లక్షా 25 వేలు పోను మిగిలింది 1 లక్షా 75 వేలు. మీకు వేరే ఆదాయం పెద్దగా లేకపోతే అది కొత్త టాక్సు విధానంలోని 4 లక్షల బేసిక్ మినహాయింపులోనే సర్దుకుపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త, 12 లక్షల దాకా టాక్సు లేదు అనే మాట విని షేర్ల లాభానికీ అదే వర్తిస్తుందని చాలామంది అనుకుంటా ఉన్నారు, వర్తించదు. ఆ రిబేటు జీతం, వడ్డీ, డివిడెండ్ లాంటి మామూలు ఆదాయానికే, షేర్ల క్యాపిటల్ గెయిన్స్‌కు కాదు.

సరే, మరి మీ దగ్గర ఉన్నది చాలుతుందా? మొత్తం 1 కోటి 87 లక్షలు. ఖర్చు ఏడాదికి 6 లక్షల 60 వేలు, అంటే మూడున్నర శాతం. అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆయన 1994లో అక్కడి మార్కెట్ లెక్కలు తిరగేసి, మొదటి ఏడు నాలుగు శాతం తీసుకుని ఆ తర్వాత ధరలతో పాటు పెంచుకుంటా పోయినా డబ్బు 30 ఏండ్లు వస్తుందని తేల్చినాడు, అందరూ నాలుగు శాతం నాలుగు శాతం అనేది అదే. కానీ అది 60 దాటినాక రిటైరయ్యే అమెరికావాళ్ల లెక్క. మీకు 44, మీ డబ్బు 40 ఏండ్లకు పైగా రావాల, మన దగ్గర ధరలు పెరిగే వేగం కూడా ఎక్కువ. ఆరు శాతం చొప్పున పెరిగితే 12 ఏండ్లకు ఖర్చు రెండింతలు, మీకు 56 వచ్చేసరికి ఇదే సంసారానికి 1 లక్షా 10 వేలు, 68కి 2 లక్షల 20 వేలు. అందుకే మన మట్టుకు మూడు, మూడుంబావు శాతం దాటకుండా ఉంటే నయం అని నా అభిప్రాయం.

మీరు అంచులో ఉన్నారు, అదీ 55 వేలు అనేది నిజమైతే. మీ ఇంటామె లెక్క చూడకుండానే చెప్తా, అందులో నెల ఖర్చులు ఉంటాయి, ఏడాది ఖర్చులు ఉండవు. ఇప్పుడు కంపెనీ కడతా ఉన్న హెల్త్ ఇన్సూరెన్స్ రేపు మీరు కట్టాల. బోరు మోటరు కాలిపోతే వైండింగు, మిద్దె కురిస్తే వాటర్‌ప్రూఫింగు, ఎనిమిదేండ్లకోసారి బండి, మేనల్లుడి పెండ్లికి బంగారం, తిరుమల ప్రయాణాలు. వీటికి నెలకు కనీసం ఇంకో 10 వేలు పక్కన వేయండి. ఆ పైన పాప రెండేండ్లలో ఇంటర్, ఆ వెనకే బీటెక్కో ఇంకోటో, తర్వాత బాబు. ఇద్దరికీ కలిపి 30 లక్షలు పక్కన పెట్టేసినారనుకోండి, చేతిలో మిగిలేది 1 కోటి 57 లక్షలు. ఆ 10 వేలు కలపకుండానే, దాని మీద 6 లక్షల 60 వేలు తీస్తే నాలుగు శాతం దాటిపోయింది.

ఇప్పుడు అసలు భయం ఏందో చెప్తా. సగటున మార్కెట్ ఎంత ఇస్తుంది అనేది మీకు రెండో ప్రశ్న, మొదటి అయిదేండ్లలో ఏమైతుంది అనేదే మొదటి ప్రశ్న. 2008 జనవరిలో సెన్సెక్స్ (30 పెద్ద కంపెనీల షేర్ల ధరలను కొలిచే సూచీ) 21 వేలు దాటింది. అదే ఏడు అక్టోబరు ఆఖర్లో 8 వేల కిందికి కూడా పోయి వచ్చింది. 2008 జనవరిలో రిటైరైన మనిషికి కోటి ఉంటే పది నెలల్లో అది 40 లక్షల లోపుకు వచ్చింది, నెలకు 40 వేలు తీసుకుంటా ఉన్నాడంటే ఇప్పుడు ఏడాదికి పన్నెండు శాతం తీసినట్టు. మార్కెట్ మళ్లీ 21 వేలను 2010 చివర్లో ఒకసారి తాకింది గానీ, దాన్ని దాటుకుని గట్టిగా నిలబడింది 2014లోనే. ఆ మధ్య ఏండ్లల్లో ధరలేమో ఏటా పది శాతం అటూ ఇటూ పెరిగినాయి. కరువు ఏడాది తిండికి లేక విత్తన కాయలు వొలుచుకుని తిన్న రైతు గురించి అనంతపురం మనిషికి నేను చెప్పక్కర్లేదు, తర్వాతి ఏడు జూన్‌లో వాన బ్రహ్మాండంగా పడినా వేయడానికి కాయ ఉండదు. పడిపోయిన మార్కెట్లో ఇంటి ఖర్చుకని యూనిట్లు అమ్మడం సరిగ్గా అదే పని.

కాబట్టి మూడేండ్ల ఖర్చు, మీకైతే 20, 22 లక్షలు, మార్కెట్‌తో సంబంధం లేకుండా ఉండాల. మీ 10 లక్షల ఎఫ్డీ ఉంది, పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కం స్కీములో భార్యాభర్తలిద్దరి పేరుతో 15 లక్షల దాకా వేయొచ్చు, ఇప్పుడున్న 7.4 శాతం మీద నెలకు 9,250 వస్తుంది. ఎంత లేదన్నా అది జీతం లాగా ఠంచనుగా పడే డబ్బు. సీనియర్ సిటిజన్ స్కీము 8.2 శాతం ఇస్తుంది గానీ దానికి 60 రావాల, వీఆర్ఎస్ తీసుకున్నవాళ్లకైతే 55, మీకు ఇప్పుడే కాదు. పీఎఫ్‌ను కదపొద్దు, ఉద్యోగం మానేసినాక దాని మీద వచ్చే వడ్డీకి టాక్సు పడుతుంది, అయినా ఫర్వాలేదు. పీఎఫ్ పింఛను 58కి వస్తుంది, 50 నుంచే అడగొచ్చు గానీ 58కి ఎన్ని ఏండ్లు తక్కువుంటే ఏడాదికి 4 శాతం చొప్పున అంత కోత. మీ సర్వీసుకు వచ్చేది కొద్దే, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మార్కెట్ బాగున్న ఏడు ఫండ్లలో నుంచి తీసుకోండి, పడిన ఏడు ఈ పక్కన పెట్టిన దాంట్లో నుంచి తీసుకోండి, బాగుపడినాక మళ్లీ నింపుకోండి. దీనికి మించిన రహస్యం ఇందులో ఏమీ లేదు.

నన్నడిగితే ఇప్పుడే రాజీనామా కాగితం ఇవ్వొద్దు. లేదా వచ్చేయండి, కానీ పూర్తిగా ఖాళీగా వద్దు. మీకున్న అనుభవానికి ఇంటి దగ్గర నుంచి నెలకు పాతిక వేల పని దొరకడం పెద్ద కష్టం కాదు. అది ఉంటే 55 వేల లెక్కన మీరు తీయాల్సింది ఏడాదికి 3 లక్షల 60 వేలే, 1 కోటి 57 లక్షల మీద రెండుంబావు శాతం చిల్లర. పాప చదువు అయిపోయేదాకా అట్లా నడిపితే ఆ తర్వాత ఆ పాతిక వేలు కూడా వద్దనుకోవచ్చు. ఒక దండం మేనేజర్లకు పెట్టండి, పనికి మాత్రం ఇప్పుడే పెట్టొద్దు.

ప్రశ్న: మేడం అనాలో సార్ అనాలో తెలీదు, క్షమించండి. మా ఆయన కర్నూలు దగ్గర గవర్నమెంట్ స్కూల్లో టీచరు, సర్వీసు 20 ఏండ్లు దాటింది. రెండేండ్ల నుంచి ఆప్షన్స్ ట్రేడింగ్ అని ఫోన్ పట్టుకునే ఉంటాడు. ఇప్పుడు వీఆర్ఎస్ తీసుకుని ఫుల్ టైం ఇదే చేస్తా, నెలకు లక్ష సంపాదిస్తా అంటా ఉన్నాడు. అడిగితే ఫోన్లో పచ్చ రంగులో లాభం చూపిస్తాడు. నాకేమో గుండె దడ. ఏం చెప్పాల?
- ఓ గృహిణి, కర్నూలు

జవాబు: అమ్మా, మీ దడ సబబే. పైన తమ్ముడు అడిగింది మదుపు, మీ ఆయన చేసేది అది కాదు, ధర పెరుగుతుందో తగ్గుతుందో అని కాసే పందెం లాంటిది, రెండింటినీ షేర్ మార్కెట్ అనే ఒకే పేరుతో పిలవడం వల్లే ఇంత గందరగోళం. షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది, 2021-22 నుంచి 2023-24 దాకా మూడేండ్లు ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన మామూలు వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయినారు, అందరి నష్టం కలిపి 1 లక్షా 80 వేల కోట్లకు పైనే. ఆ తర్వాత ఏడాది లెక్క తీస్తే కూడా నూటికి 91 మంది నష్టంలోనే. మీ ఆయన ఆ మిగిలిన నూటికి తొమ్మిది మందిలో ఉండొచ్చు, ఉండకూడదని రూలేం లేదు. కానీ దాన్ని కాగితం మీద చూపించమనండి.

ఎట్లా అంటే, ఆ పచ్చ రంగు తెర చూడొద్దు. అది ఆ రోజుదో, ఆ ఒక్క ట్రేడ్‌దో, బాగా వచ్చిన రోజే మీకు చూపిస్తాడు, మగబుద్ధి. బ్రోకర్ యాప్‌లోనే రిపోర్ట్స్ అని ఉంటుంది, అందులో టాక్స్ పీ అండ్ ఎల్ అని, ఆర్థిక సంవత్సరం ఎంచుకుని డౌన్‌లోడ్ కొడితే ఎక్సెల్ షీటు వస్తుంది. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) అనే పేజీలో రియలైజ్డ్ (నిజంగా తేలిన లాభనష్టం) అని ఒక అంకె, ఇంకో చోట చార్జీలు అని ఒక అంకె. బ్రోకరేజీ, ఎస్‌టీటీ, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ అన్నీ ఆ రెండోదాంట్లో. మొదటిది లాభమే ఉన్నా రెండోది తీసేస్తే మైనస్‌లోకి పోయినవాళ్లను చాలామందిని చూసినాను. రెండేండ్ల షీట్లూ ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. గొడవ పడొద్దు, అంకెలు చదవండి చాలు.

వీఆర్ఎస్ సంగతి. ఆయన 2004 సెప్టెంబరు 1కి ముందు చేరి ఉంటే పాత పింఛను, డీఏతో పాటు పెరుగుతా పోయేది, తర్వాత భార్యకు కూడా ఫ్యామిలీ పెన్షన్. అట్లాంటిదాన్ని మార్కెట్లో కొనాలంటే కోటి రూపాయలు పెట్టినా రాదు, 62 దాకా సర్వీసు చేస్తే అది ఇంకా పెరుగుతుంది. తర్వాత చేరి సీపీఎస్ (జీతంలో నుంచి కోసి జమ చేసే పింఛను పద్ధతి) అయితే ముందే బయటికొచ్చినప్పుడు జమ అయినదాంట్లో ఎక్కువ భాగం యాన్యుటీకే (పింఛను లాగా ఇచ్చే పాలసీకే) పోతుంది, చేతికి వచ్చేది తక్కువ, దాన్నే ఆప్షన్స్‌లో పెడతానంటే ఇంకేం చెప్పేది. ఇంకో మాట, ఉద్యోగంలో ఉంటూ ఇట్లా స్పెక్యులేషన్ చేయడం ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలకే విరుద్ధం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే అది వేరే తలనొప్పి. అన్నట్టు, సార్ అనండి, ఫర్వాలేదు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో బట్టలంగడి. నాకు 52. ఆన్‌లైన్ వచ్చినాక అంగడిలో కూర్చోవడమే దండగగా ఉండాది, అద్దె, కుర్రోళ్ల జీతాలు పోను ఏం మిగలడం లేదు. ఒక ప్లాటు అమ్మితే 80 లక్షలు వస్తాయి. ఇన్నాళ్లూ చేతిలో కొంచెం ఉంటే నూటికి రెండ్రూపాయల వడ్డీకి తిప్పేవాణ్ణి, ఇప్పుడు వసూలు కష్టమైపోయింది, ఇద్దరు ప్రోనోటు రాసిచ్చి ఊరే వదిలేసినారు. మార్కెట్లో పెడితే అదే రెండ్రూపాయలు వస్తాదా?
- ఓ వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: రాదు అన్నా. రెండ్రూపాయలంటే ఏడాదికి 24 శాతం, అంత ఏటా ఇచ్చే చోటు మార్కెట్లోనే కాదు యాడా లేదు, మీకూ రాలేదు కదా, ఆ ఊరొదిలిన ఇద్దరి అసలు కలిపి లెక్క వేస్తే ఎంత పడిందో మీకే తెలుసు. 2008 జనవరిలో 21 వేల దగ్గర, అంటే సరిగ్గా శిఖరం మీద కొన్నవాడికి కూడా 2024 సెప్టెంబరు నాటికి సెన్సెక్స్ 85 వేలు దాటింది, అది ఏడాదికి తొమ్మిది శాతానికి కాస్త తక్కువ, డివిడెండ్లు అదనం. బాగా పడినప్పుడు కొన్నవాడికి అంతకంటే చాలా ఎక్కువే వచ్చింది. మీ భాషలో చెప్పాలంటే ముప్పావలా నుంచి రూపాయి వడ్డీ, అదీ నెల నెలా కాదు, పదేండ్లు వెనక్కి తిరిగి చూసుకుంటే.

80 లక్షల మీద మూడున్నర శాతం తీసుకుంటే నెలకు 23 వేలు. దాంతో మీ ఇల్లు గడుస్తుందా లేదా మీరే చెప్పాల. గడవదు అంటే అంగడిని సగం చేసుకుని, చిన్న గదిలోకి మారి, పెండ్లిండ్ల సీజన్‌లో నడిచే సరుకు మటుకే పెట్టుకుంటే ఎట్లుంటుందో ఒకసారి ఆలోచించండి, 52 ఏండ్లకు పూర్తిగా మూసేయడం కంటే అదే నాకు నచ్చుతుంది. ప్లాటు అమ్మితే టాక్సు ఉంటుంది, 2024 జులై 23కి ముందు కొన్నదైతే ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టుకోవచ్చు. పాత ప్లాటు కాబట్టి రెండూ వేయించి చూసుకోండి. వచ్చిన డబ్బు ఒకే రోజు ఈక్విటీలో, అంటే షేర్లలో పోయొద్దు. లిక్విడ్ ఫండ్లో (పెద్దగా ఎగుడుదిగుడు లేని ఫండ్) వేసి ఏడాదో ఏడాదిన్నరో నెల నెలా కొంచెం కొంచెం మార్చండి, మీ వయసుకు సగానికి మించి ఈక్విటీ వద్దు. రిజిస్ట్రేషన్‌లో మార్కెట్ విలువ ఒకటి, చేతికి వచ్చేది ఇంకోటి అయితే ఆ నల్ల డబ్బు మార్కెట్‌కు పనికిరాదని వేరే చెప్పాల్నా.

ప్రశ్న: గుంతకల్లులో మాకు తెలిసినాయన లక్ష ఇస్తే షేర్లలో పెట్టి నెలకు 4 వేలు ఇస్తా ఉన్నాడు. ఆర్నెల్ల నుంచి మా బావకు కరెక్టుగా వేస్తా ఉన్నాడు. రైల్వేలో రిటైరైన డబ్బు 25 లక్షలు ఉండాది, వేయొచ్చా?
- ఓ రిటైర్డ్ ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: వద్దు. ఏడాదికి 48 శాతం ఇవ్వగలిగినవాడికి మీ 25 లక్షలతో పనేముంది, బ్యాంకులో అప్పు తెచ్చుకుని తానే కోటీశ్వరుడైపోడా? మీ బావకు ఆర్నెల్లుగా పడేది కొత్తగా చేరినవాళ్ల డబ్బు. సెబీ దగ్గర రిజిస్టరైన సలహాదారుకైనా ఇంత లాభం ఖాయం అని చెప్పే హక్కు లేదు. రైల్వే పింఛను వస్తా ఉంది కదా, 60 దాటినారు కదా, సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షల దాకా వేసుకోవచ్చు, 8.2 శాతం, మూడు నెలలకోసారి అకౌంట్లో పడుతుంది. 25 లక్షలకు మూడు నెలలకు 51 వేల పైన. మీ బావను కూడా అసలు వెనక్కి అడగమనండి, ఈ వారంలోనే.

ప్రశ్న: డివిడెండ్ ఇచ్చే ముందు రోజు షేర్ కొని, డివిడెండ్ తీసుకుని మర్నాడు అమ్మేస్తే ఫ్రీ డబ్బు కదా? మ్యూచువల్ ఫండ్లో డివిడెండ్ ఆప్షన్ కూడా అంతేనా?
- ఓ విద్యార్థి, ఆదోని

జవాబు: ఫ్రీ కాదు నాయనా. ఎక్స్ డేట్ (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాదు) రోజు పొద్దున తొమ్మిదింపావుకు మార్కెట్ తెరిచేసరికి సుమారుగా డివిడెండ్ ఎంతో అంత ధర తగ్గి మొదలవుతుంది, నీ జేబులోది నీకే ఇచ్చి మధ్యలో టాక్సు, బ్రోకరేజీ పట్టుకుంటారు. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ నీ ఆదాయంలో కలిసి నీ స్లాబు ప్రకారం టాక్సు పడుతుంది, ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10 వేలు దాటితే పది శాతం టీడీఎస్ కోసుకునే ఇస్తారు. ఆదాయం తక్కువైతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాల. ఫండ్లలో కూడా ఇదే కథ, పంచినంత మేరకు ఎన్‌ఏవీ (ఒక యూనిట్ విలువ) తగ్గుతుంది, అందుకే సెబీ 2021 ఏప్రిల్ నుంచి దాని పేరు కూడా మార్పించి ఐడీసీడబ్ల్యూ అని పెట్టించింది, మీ పెట్టుబడిలో నుంచే మీకు ఇస్తా ఉన్నారు అని తెలిసేలాగా. నీ వయసులో గ్రోత్ ఆప్షనే (లాభం పంచకుండా ఫండ్లోనే ఉంచేది) పెట్టుకో, డివిడెండ్ల గోల 30 ఏండ్ల తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: నమస్తే సార్. మాది కడప. నేను 2019లో 48 ఏండ్లకే ఉద్యోగం మానేసినాను, అప్పుడు ఫండ్లు 1 కోటి 10 లక్షలు. ఆరు నెలలకే కరోనా, 2020 మార్చిలో ఫోన్ తెరిస్తే 70 లక్షలు చూపించింది. మా ఇంటామె ప్రైవేటు స్కూల్లో చెప్పేది, ఆమె జీతం, కొంచెం ఎఫ్డీ ఉండబట్టి ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు. ఇప్పుడు తీసుకున్నది పోగా 2 కోట్ల 30 లక్షలు ఉంది. నెలకు 40 వేలే తీసుకుంటా ఉన్నాను. ఇంకా పిసినారిగా ఎందుకు, పెంచుకుందాం, కాశీ, కేదార్‌నాథ్ చూసొద్దాం అని ఆమె పోరు. పెంచొచ్చా?
- ఓ పాఠకుడు, కడప

జవాబు: ఆమె చెప్పిందే కరెక్టు సార్, పోయి రండి. పోరు పెట్టే హక్కు ఆమెకే ఉంది, 2020లో మీ ఫండ్లను కాపాడింది ఆమె జీతమే. సెన్సెక్స్ ఆ ఏడు జనవరిలో 42 వేలు దాటి, మార్చి 23న 26 వేల కిందికి దిగింది, మళ్లీ నవంబరు కల్లా పాత చోటికి వచ్చేసింది. అదృష్టం కొద్దీ అది ఎనిమిది నెలల కష్టం, 2008 లాగా అయిదారేండ్లు సాగి ఉంటే ఆమె జీతం కూడా చాలేది కాదేమో.

ఇప్పుడు మీరు తీసుకునేది ఏడాదికి 4 లక్షల 80 వేలు, 2 కోట్ల 30 లక్షల మీద రెండు శాతం చిల్లర. మీకు 50 దాటి అయిదేండ్లు కావస్తా ఉంది, మూడున్నర శాతం దాకా పోవచ్చు, అంటే నెలకు 67 వేలు. అయినా ఒకేసారి 67కి ఎక్కొద్దు, ఖర్చు పెంచడం సులువు, తగ్గించడం ఇంట్లో యుద్ధం. నెల ఖర్చు 50 చేసుకోండి, మిగతా రెండు లక్షలు ఏడాదికోసారి యాత్రలకని విడిగా తీసుకోండి. మార్కెట్ పడిన ఏడు యాత్ర మానేస్తే సరిపోతుంది, పాల ప్యాకెట్లు తగ్గించుకోవాల్సిన పని ఉండదు. కేదార్‌నాథ్‌కు మాత్రం మోకాళ్లు బాగున్నప్పుడే పోవాల, దాన్ని వాయిదా వేయొద్దు.

రెండు పనులు చేసి బయలుదేరండి. హెల్త్ పాలసీ మీ ఇద్దరికీ ఎంత ఉందో రాయలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే పాలసీల మీద జీఎస్టీ ఎత్తేసినారు కాబట్టి ఆ మేరకు కవరు పెంచుకోండి, ఇప్పుడు తీసుకుంటే పాత జబ్బులకు ఎక్కువలో ఎక్కువ మూడేండ్లు ఆగాల్సి రావచ్చు, 60 దాటినాక అదే పాలసీ అడిగితే సవాలక్ష టెస్టులు. రెండోది, ఫండ్లన్నీ మీ ఒక్కరి పేరు మీదే ఉన్నట్టు అనిపిస్తా ఉంది. ప్రతి ఫోలియోకూ నామినీ వేసినారా చూడండి. ఎస్‌డబ్ల్యూపీ ఏ తేదీన ఏ అకౌంట్లో పడుతుందో, ఫండ్లు ఏ కంపెనీలవో, మీ రిజిస్టర్డ్ ఫోన్ నంబరు, మెయిలు ఏదో ఒక కాగితం మీద రాసి బీరువాలో ఆమె చీరల అరలో పెట్టండి, మీ ఫైళ్ల అరలో కాదు.